అప్‌డేట్: గతుకుల్లో ఆగిపోతున్న బైక్ జీపీఎస్, కారణం దొరికింది

సాలూరు నుంచి కోరాపుట్ వెళ్లే సుంకి ఘాట్‌లో గతుకు తగిలితే చాలు, జీపీఎస్ ఆఫ్ అవుతోందని అడిగాను కదా. సాయం చేసినవాళ్లందరికీ థ్యాంక్స్. ఎర్త్ (కరెంటు తిరిగి బ్యాటరీ నెగటివ్‌కి వెళ్లే కనెక్షన్) చూడమన్న సలహాయే పనిచేసింది. కోరాపుట్‌లో ఆటో ఎలక్ట్రీషియన్ మీటరు పెట్టి చూస్తే బ్యాటరీ దగ్గర వోల్టేజి బాగానే ఉంది, జీపీఎస్ ప్లగ్గు దగ్గర పడిపోతోంది. నల్ల వైరు చివర ఉండే ఎర్త్ రింగు బండి ఫ్రేమ్ పెయింటు మీదే బిగించి ఉంది, దాని కింద తుప్పు. అందుకే గతుకు తగిలితే కాంటాక్టు పోతోంది.

నల్ల వైరు నేరుగా బ్యాటరీ నెగటివ్‌కి కలిపారు. ఎర్ర వైరుకి బ్యాటరీ పక్కనే 2 ఆంపియర్ల ఫ్యూజు, తర్వాత ఇగ్నిషన్‌తో పనిచేసే రిలే (తాళం ఆన్ చేస్తేనే కరెంటు పంపే స్విచ్) పెట్టారు. హ్యాండిల్ రెండువైపులా పూర్తిగా తిప్పి చూసి, స్టీరింగ్ దగ్గర వైరు కాస్త వదులుగా ఉంచండి. బిగుతుగా కడితే పైతొడుగు బాగానే కనిపిస్తుంది, లోపల రాగి తెగిపోతుంది.

బ్యాటరీ, మౌంటు (జీపీఎస్‌ని పట్టుకునే స్టాండు) మార్చక్కర్లేదు. ఘాట్‌లో టవర్ లేకపోవడానికీ దీనికీ సంబంధమే లేదు.