"యెహోవా ఖడ్గము గిద్యోను ఖడ్గము": శామ్యూల్ డోక్ నోట ఏ వచనం పెట్టాలి?

అడిగినవారు:

అందరికీ వందనాలు. మా సంఘం పత్రిక కోసం శామ్యూల్ డోక్ జీవితకథ రాస్తున్నాను. అమెరికాలో అపలాచియన్ కొండలు దాటి, ఇప్పటి తూర్పు టెనసీలో తొలినాళ్ళలోనే కాపురం పెట్టి సేవ చేసిన ప్రెస్బిటేరియన్ పాస్టరు ఆయన. పుట్టింది 1749లో, వర్జీనియాలో. అమ్మానాన్నలు ఉత్తర ఐర్లండ్ నుంచి వలస వచ్చినవాళ్ళు. ఈనాడు ప్రిన్స్‌టన్ అని మనం పిలిచే కాలేజీలో 1775లో పట్టా పుచ్చుకున్నారు.

నాకు చిక్కు వచ్చింది 1780 సెప్టెంబరు 26 దగ్గర. బ్రిటిష్ రాజు మీద అమెరికా స్వాతంత్ర్య యుద్ధం సాగుతున్న రోజులవి. ఆ రోజు వటాగా నది ఒడ్డున, సికమోర్ షోల్స్ అనే చోట, కొండవతలి రైతులు తుపాకులతో గుమిగూడారు. వెయ్యిమంది దాకా ఉంటారు. బ్రిటిష్ మేజరు ప్యాట్రిక్ ఫెర్గూసన్ అంతకుముందే వాళ్ళకు కబురు పంపాడు: ఎదిరించడం మానకపోతే కొండలు దాటి వస్తాను, మీ నాయకులను ఉరితీస్తాను, మీ సీమను అగ్నితోనూ ఖడ్గంతోనూ పాడుచేస్తాను అని. వీళ్ళు అతను వచ్చేదాకా ఆగకుండా తామే బయలుదేరారు. బయలుదేరే ముందు డోక్ ప్రార్థన చేసి, బైబిల్లో మూడు వందల మందితోనే మిద్యానీయుల దండును ఓడించిన గిద్యోను కథ ఎత్తుకుని, అందులోని యుద్ధపు కేకనే వాళ్ళ నోట పెట్టి పంపారని అక్కడి వాళ్ళు తరతరాలుగా చెప్పుకుంటున్నారు. అక్టోబరు 7న కింగ్స్ మౌంటెన్ మీద యుద్ధం గంట పైచిలుకులో ముగిసింది. ఫెర్గూసన్ అక్కడే చనిపోయాడు.

ఇప్పుడు ప్రశ్న. డోక్ చదివిన పాత ఇంగ్లీషు బైబిల్లో న్యాయాధిపతులు 7వ అధ్యాయం 18, 20 వచనాలు రెండింటిలోనూ కేక ఒకటే, రెండు చోట్లా ఖడ్గం ఉంది. మన పాత తెలుగు అనువాదంలో మాత్రం 18లో "యెహోవాకును గిద్యోనుకును విజయము", 20లో "యెహోవా ఖడ్గము గిద్యోను ఖడ్గము". ఏది వాడను? లేక ఈ కాలపు పిల్లలకు తెలిసేలా "దేవుని కత్తి, గిద్యోను కత్తి" అని రాసేయనా?

మొదటి జవాబు:

బ్రదర్, కత్తి మాత్రం వద్దు. కూరగాయలు తరిగేదీ కత్తే, మంగలి పెట్టెలోదీ కత్తే. ఖడ్గం అనగానే యుద్ధం కళ్ళకు కడుతుంది. పైగా మన వాళ్ళు సండే స్కూల్లో నోటికి నేర్చుకున్న వచనం ఇది. దాన్ని మారిస్తే పెద్దవాళ్ళకు అది గిద్యోను కేక అని తట్టనే తట్టదు.

తెలుగు మాస్టారు:

20వ వచనమే పెట్టండి. ఎందుకో చెబుతాను, కొంచెం ఓపిక పట్టండి. ఈ రెండు వచనాల మధ్య ఉన్న తేడా నన్ను చాలాకాలంగా పట్టుకుని ఉంది.

హెబ్రీలో 18వ వచనంలో ఖడ్గం అనే మాటే లేదు. "యెహోవాకు, గిద్యోనుకు" అని మాత్రమే ఉంటుంది. ఎవరికి అన్నది ఉంది, ఏమిటి అన్నది లేదు. ఇంగ్లీషు వాళ్ళు 20వ వచనం చూసి ఇక్కడ కూడా ఖడ్గం పెట్టారు. అది తాము చేర్చిన మాట అని తెలిసేలా వాలు అక్షరాల్లో అచ్చువేశారు. మన అనువాదకులు ఆ ఖాళీలో "విజయము" పెట్టారు. ఇది నాకు ఎంతో ముచ్చటగా ఉంటుంది. మన ఊరేగింపుల్లో కేక ఎలా వేస్తాం? "గాంధీజీకి జై!" చతుర్థి విభక్తి, దాని పక్కన జయం. "కు" అని ఊరకే వదిలేస్తే తెలుగు చెవికి ఆ కేక సగంలో తెగినట్టు ఉంటుంది. "యెహోవాకును గిద్యోనుకును విజయము" అన్నప్పుడు ఆ వాక్యం అచ్చంగా మన వీధిలో పుట్టినట్టు వినిపిస్తుంది.

20వ వచనం వేరే సంగతి. అక్కడ హెబ్రీలో ఖడ్గం ఉంది, కానీ ఒక్కటే ఖడ్గం: "యెహోవాకు, గిద్యోనుకు ఖడ్గము". తెలుగులో అది రెండయింది. యెహోవా ఖడ్గము ఒకటి, గిద్యోను ఖడ్గము ఒకటి. కేకకు లయ వచ్చింది, రెండు దెబ్బలు వేసినట్టుంది. వెయ్యి గొంతులు ఒక్కసారి అనగలిగిన మాట అది. 18వ వచనంలోని "యెహోవాకును గిద్యోనుకును" గుంపుగా అరవాలంటే నాలుక తిరగదు. డోక్ ఎదుట నిలబడినవాళ్ళు గట్టిగా అరిచి పలికిన మాట అది, కాబట్టి 20.

అయితే ఖడ్గం రెండు కావడంలో ఒక ప్రమాదం ఉంది. చదివేవాడికి దేవుడిది ఒకటి, మనిషిది ఇంకొకటి అన్నట్టు వినిపించవచ్చు. మీ వ్యాసంలో ఒక్క వాక్యంలోనైనా అది విడదీయండి.

విశాఖ నుంచి ఒక సోదరి:

మాస్టారికి నమస్కారం. మీరు చెప్పిన ప్రమాదానికి అదే అధ్యాయంలో జవాబు ఉందని నాకు తోస్తుంది. "గిద్యోను ఖడ్గం" అన్న మాటను మొదట పలికింది గిద్యోను కాదు, శత్రువు. 13, 14 వచనాలు చూడండి. రాత్రివేళ గిద్యోను మిద్యానీయుల దండు దగ్గరికి వెళ్ళి పొంచి వింటాడు. అక్కడ ఒకడు తనకు వచ్చిన కల చెబుతాడు. యవల రొట్టె ఒకటి దొర్లుకుంటూ వచ్చి డేరాను పడగొట్టిందని. పక్కవాడు అదిరిపోయి, అది గిద్యోను ఖడ్గమే అంటాడు. గిద్యోను ఆ మాటను మోసుకొచ్చి తనవాళ్ళకు ఇచ్చాడు. ఇచ్చేటప్పుడు తన పేరుకు ముందు యెహోవా పేరు నిలబెట్టాడు.

డోక్ చేసింది కూడా అదే అని చూడగానే నాకు ఒళ్ళు జలదరించింది. ఖడ్గం మాట ముందు ఎత్తింది ఫెర్గూసన్. అగ్ని, ఖడ్గం అని బెదిరించాడు. పాస్టరు గారు ఆ బెదిరింపులోని మాటనే తీసుకుని, దానికి ముందు దేవుని పేరు పెట్టి తిప్పి పంపారు. 20వ వచనమే పెట్టాలి అనడానికి నా కారణం ఇది. "విజయము" పెడితే ఈ ముడి కనిపించకుండా పోతుంది.

ఇంకొకటి. ఆ మూడు వందల మంది చేతులు చూడండి. ఎడమచేతిలో దివిటీ, కుడిచేతిలో బూర. ఖడ్గం పట్టుకోవడానికి మూడో చెయ్యి లేదు. ఖడ్గం అని కేక వేశారు, వేసి తమ చోటనే నిలబడ్డారు. దండులో ఒకడి ఖడ్గం ఒకడి మీదికి తిరిగింది. ముప్పై రెండు వేల మందిని మూడు వందలకు తగ్గించింది కూడా, గెలుపు మాదే అని వాళ్ళు చెప్పుకోకుండా ఉండడానికే. కింగ్స్ మౌంటెన్‌కు వెళ్ళినవాళ్ళ చేతుల్లో మాత్రం గురి తప్పని తుపాకులున్నాయి. ఈ తేడా మీ పాఠకులకు చెప్పాలి.

మరొకరు:

అక్క చెప్పిన చివరి మాటకు నేనొకటి కలుపుతాను. ఆ కొండ మీద ఫెర్గూసన్ ఒక్కడే దాదాపు బ్రిటన్ వాడు. అతని వెంట ఉన్నవాళ్ళు రాజు పక్షాన నిలిచిన అమెరికా వాళ్ళే. అంటే పొరుగువాడి మీదికే ఖడ్గం తిరిగింది. వారం గడిచాక తొమ్మిది మంది బందీలను గెలిచినవాళ్ళు ఉరితీశారు. ఉరితీస్తానని ముందు బెదిరించింది ఫెర్గూసన్, చివరికి తీసింది వీళ్ళు.

సికమోర్ షోల్స్ గురించి కూడా రాయండి. 1775లో అక్కడి ఆదివాసులైన చెరోకీల దగ్గర లక్షల ఎకరాలు కొన్నామని ఒప్పందం రాయించుకున్నది అక్కడే. చెరోకీల్లో దాన్ని ఒప్పుకోనివాళ్ళున్నారు. మరుసటి ఏడాది అక్కడి కోట మీద దాడి జరిగింది. మీ వ్యాసంలో దీన్ని "ఖాళీ సరిహద్దు ప్రాంతం" అని రాయకండి. అది వేరేవాళ్ళ పొలిమేర లోపల. గిద్యోను తన ఊరి పంట కాపాడుకున్నాడు. వీళ్ళు కాపాడుకున్న పంట ఎవరి నేల మీదిది అన్న ప్రశ్న మిగిలే ఉంటుంది.

అడిగినవారు:

మాస్టారూ, సోదరీ, అందరికీ ధన్యవాదాలు. 20వ వచనమే పెడుతున్నాను. చెరోకీల సంగతి, ఉరి సంగతి కూడా రాస్తున్నాను. ఒక జాగ్రత్త తీసుకుంటాను. ఆ రోజు ప్రసంగాన్ని అక్కడికక్కడే ఎవరూ రాసిపెట్టలేదు. ఈనాడు డోక్ ప్రసంగం అని అచ్చులో కనిపించేది చాలాకాలం తర్వాత, విన్నవాళ్ళ జ్ఞాపకాల మీద కట్టింది. అందుకని కేక వరకే కొటేషన్ గుర్తుల్లో పెడతాను, మిగతా ప్రసంగాన్ని నా మాటల్లో చెబుతాను.

ఈ చర్చ చదివాక ఇంకొకటి గట్టిగా అనిపిస్తోంది. ఆ మనిషి జీవితమంతా ఆ ఒక్క కేకలో ముగించేయడం అన్యాయం. టెనసీలో ఆయన పేరు ఎత్తితే ఖడ్గమే గుర్తొస్తుంది. కానీ ఆయన కొండల మీదుగా మోసుకొచ్చింది పుస్తకాలు. గుర్రం మీద పుస్తకాల మూటలు వేసి, తాను పక్కన నడిచి వచ్చారని చెప్పుకుంటారు. ప్రెస్బిటేరియన్ సంఘంలో కాలేజీ చదువు, లాటిన్, గ్రీకు లేకుండా పాస్టరుగా అభిషేకం ఇచ్చేవారు కాదు. అందువల్ల కొత్త సీమల్లో వాళ్ళకు పాస్టర్లు ఎప్పుడూ కరువే. బాప్టిస్టులు, మెథడిస్టులు చదువు పట్టింపు లేకుండా బోధకులను పంపి చూస్తుండగానే వాళ్ళను దాటిపోయారు. ఆ పట్టింపువల్లే వచ్చిన ప్రతి పాస్టరూ బడిపంతులు కూడా అయ్యాడు. డోక్ సేలెం అనే చోట సంఘం కట్టి, దాని పక్కనే బడి పెట్టారు. 1783లో దానికి మార్టిన్ అకాడమీగా గుర్తింపు వచ్చింది. 1795లో అది వాషింగ్టన్ కాలేజీ అయింది. టెనసీ అప్పటికి రాష్ట్రం కూడా కాలేదు. 1818 దాకా దాన్ని నడిపి, దాదాపు డెబ్బై ఏళ్ళ వయసులో అక్కడి నుంచి కదిలి, కొడుకు ఉన్న చోట మళ్ళీ ఒక బడి మొదలుపెట్టారు. ఈనాటి టస్కులం విశ్వవిద్యాలయం మూలాల్లో అదొకటి. 1830లో కన్నుమూశారు.

డోక్ దగ్గర కూడా బానిసలుండేవాళ్ళు. దీన్ని దాచను. 1818లో వాళ్ళను విడిచిపెట్టారు. ఆయన దగ్గర చదువుకుని, ఆయన మనవరాలిని పెళ్ళాడిన జాన్ ర్యాంకిన్ కూడా ప్రెస్బిటేరియన్ పాస్టరే. ఆయన ఒహాయో నది ఒడ్డున రిప్లీలో కొండ మీద ఇల్లు కట్టుకుని, నది దాటి పారిపోయి వచ్చే బానిసలకు ఏళ్ళ తరబడి ఆశ్రయం ఇచ్చారు. వ్యాసంలో కింగ్స్ మౌంటెన్‌కు ఒక పేరా ఇస్తే, బడికీ ర్యాంకిన్‌కూ రెండు పేరాలైనా ఇస్తాను.

వచనం దగ్గర ఇలా రాశాను, చూడండి:

"ఫెర్గూసన్ ఖడ్గం పేరు చెప్పి భయపెట్టాడు. డోక్ ఆ మాటనే గిద్యోను కథలోంచి వాళ్ళకు తిరిగి ఇచ్చారు: 'యెహోవా ఖడ్గము గిద్యోను ఖడ్గము.' తెలుగులో రెండుగా వినిపిస్తున్నా మూలంలో ఖడ్గం ఒక్కటే. అది ముందు యెహోవాది."

తెలుగు మాస్టారు:

బాగుంది. "భయపెట్టాడు" తీసి "బెదిరించాడు" అనండి. ఫెర్గూసన్ చేసింది బెదిరించడమే, వాళ్ళు భయపడలేదు కదా. మిగతాది అలాగే ఉంచండి.