యూరోబ్యాగ్ మీద అల్ట్రాసోనిక్ సెన్సార్: గంటకు 30 మి.లీ. తేడాను పట్టుకోగలదా?

ప్రశ్న: ఈసీఈ_ఫైనలియర్

అందరికీ నమస్కారం. ఐసీయూలో క్యాథెటర్ (మూత్రాశయంలో పెట్టే గొట్టం) ఉన్న పేషెంట్‌కి యూరోబ్యాగ్‌లోకి, అంటే మూత్రం చేరే సంచిలోకి, గంటగంటకూ యూరిన్ ఎంత వస్తోందో దానంతటదే లెక్కగట్టే పరికరం చేస్తున్నాం. కిడ్నీ దెబ్బతింటున్న సంగతి ముందుగా తెలియాలన్నది ఉద్దేశం.

ఇప్పటి అమరిక: 10 సెం.మీ. వ్యాసం, 20 సెం.మీ. ఎత్తు ఉన్న గుండ్రటి ప్లాస్టిక్ డబ్బా. మూతకి రంధ్రం చేసి హెచ్‌సీ-ఎస్‌ఆర్04 (ధ్వనిని పంపి, దాని ఎకో తిరిగొచ్చే సమయాన్నిబట్టి దూరం కొలిచే అల్ట్రాసోనిక్ సెన్సార్) బిగించాం. వెనక ఈఎస్‌పీ32 మైక్రోకంట్రోలర్ బోర్డు. ప్రస్తుతానికి కుళాయి నీళ్లతోనే పరీక్షిస్తున్నాం.

మూడు చిక్కులు వచ్చాయి. నీళ్లు నిశ్చలంగా ఉన్నా రీడింగ్ 3, 4 మి.మీ. ఎగిరిపడుతోంది. గోరువెచ్చటి నీళ్లు పోస్తే పావుగంటకల్లా కొలత దారి తప్పుతోంది. కాస్త షాంపూ కలిపి నురగ తెప్పిస్తే మట్టం ఎక్కువగా చూపిస్తోంది, ఒక్కోసారి ఎకోనే రావడం లేదు.

ఇంకో సందేహం. ఇదే సెన్సార్‌ని నడుముకి ఆనించి కిడ్నీని, పొత్తికడుపుకి ఆనించి మూత్రాశయాన్ని చూడొచ్చా?

జవాబు 1: బయోమెడ్_వర్క్‌బెంచ్

కోడ్ పక్కన పెట్టి ముందు డబ్బా కొలతలు చూడండి. 10 సెం.మీ. వ్యాసానికి అడుగు వైశాల్యం 78.5 చ.సెం.మీ. మట్టం 1 మి.మీ. పెరగాలంటే 7.85 మి.లీ. పడాలి. 60 కిలోల మనిషికి ఆందోళన మొదలయ్యే హద్దు కిలోకి గంటకు 0.5 మి.లీ., అంటే గంటకు 30 మి.లీ. మీ డబ్బాలో అది 3.8 మి.మీ. మాత్రమే. ఆ సెన్సార్ డేటాషీట్‌లో రాసిన కచ్చితత్వమే 3 మి.మీ., అంటే దాదాపు 24 మి.లీ. 6 మి.లీ. వచ్చినా 54 మి.లీ. వచ్చినా మీ తెరమీద 30 కనిపించొచ్చు. కిడ్నీ విషయంలో ఆ రెండింటికీ మధ్య చాలా దూరం ఉంది.

సన్నటి గొట్టం తీసుకుంటే సరిపోతుందనిపిస్తుంది. 4 సెం.మీ. వ్యాసంలో 30 మి.లీ.కి మట్టం 2.4 సెం.మీ. పెరుగుతుంది, 3 మి.మీ. తప్పు 3.8 మి.లీ.కి దిగుతుంది. కానీ ఆ బోర్డే 4.5 సెం.మీ. పొడవు, గొట్టంలో పట్టదు. పట్టించినా ధ్వని శంకువులా విచ్చుకుని గోడలకు తగిలి తప్పుడు ఎకోలు ఇస్తుంది. పైన 2 సెం.మీ. లోపు అది అసలు కొలవదు. తడి తట్టుకునే జేఎస్ఎన్-ఎస్ఆర్04టీ కొందామనుకోకండి, దాని గుడ్డి ప్రాంతం (మరీ దగ్గరగా ఉండి కొలవలేని దూరం) 20 సెం.మీ. దాటుతుంది, మీ డబ్బా ఎత్తే అంత.

ఎగిరిపడటం: 40 కిలోహెర్ట్జ్‌లో ఒక అలకు 25 మైక్రోసెకన్లు. ఎకో బలహీనంగా ఉంటే సర్క్యూట్ మొదటి అలను వదిలేసి రెండో అలను పట్టుకుంటుంది. రానూపోనూ లెక్కన అది 4.3 మి.మీ. అందుకే సగటు తీసినా కుదురుకోదు. రీడింగ్‌కీ రీడింగ్‌కీ 60 మిల్లీసెకన్ల ఎడం ఇచ్చి, 15 రీడింగులు తీసి మీడియన్ (వరుసలో పేరిస్తే మధ్యలో వచ్చేది) తీసుకోండి. కొంత మేలు.

గోరువెచ్చటి నీళ్లు: గాలిలో ధ్వని వేగం సుమారుగా 331 + 0.6 × ఉష్ణోగ్రత. 25 డిగ్రీల దగ్గర సెకనుకు 346 మీటర్లు, 37 దగ్గర 353. 15 సెం.మీ. దూరంలో అదే 3 మి.మీ. తప్పు. డబ్బాలోని గాలి ఉష్ణోగ్రత కొలిచి దిద్దుకోవచ్చు. దిద్దుకోలేనిది ఆవిరి. సెన్సార్ జాలీ మీద నీటి బిందువులు పేరుకుంటే ఎకో బలం పడిపోతుంది. ఒంటినుంచి వచ్చే మూత్రం వెచ్చగానే ఉంటుంది కాబట్టి వార్డులోనూ ఇదే జరుగుతుంది.

నురగ గురించి మాత్రం ఆగి ఆలోచించండి. మూత్రంలో ప్రోటీన్ పోతున్నవాళ్లకే నురగ ఎక్కువ. ఏ పేషెంట్ కోసం పరికరం చేస్తున్నారో ఆ పేషెంట్ దగ్గరే అది తప్పుతుంది. ఈ ఒక్క కారణానికే పైనుంచి గాలిలో కొలిచే పద్ధతి వదిలేయమంటాను.

ఒంటికి ఆనించి చూడటం కుదరదు. గాలి కోసం చేసిన సెన్సార్ ధ్వనిలో 99.9 శాతానికి పైగా చర్మం దగ్గరే వెనక్కి తిరుగుతుంది. జెల్ రాసినా లాభం లేదు. ఒంట్లో ధ్వని వేగం సెకనుకు 1540 మీటర్లు, 40 కిలోహెర్ట్జ్ అలపొడవు 3.85 సెం.మీ. కిడ్నీ పొడవే 10-11 సెం.మీ. అంత పెద్ద అలతో ఏ వివరమూ కనిపించదు. స్కానర్లు మెగాహెర్ట్జ్‌లలో పనిచేసేది అందుకే. ఆ స్కానర్లలో కనిపించే మూత్రాశయం పరిమాణాన్ని పొడవు × వెడల్పు × లోతు × 0.52 అని అంచనా వేస్తారు. ఇంకో మాట: ప్రాజెక్ట్ కోసమని పాత స్కానింగ్ మెషీన్ కొనే ఆలోచన పెట్టుకోకండి. 1994 నాటి లింగనిర్ధారణ నిషేధ చట్టం ప్రకారం రిజిస్ట్రేషన్ లేనివాళ్లకి దాన్ని అమ్మడమే నేరం.

జవాబు 2: ఐసీయూ_చార్ట్

ఎలక్ట్రానిక్స్ సంగతి పైన చెప్పారు. మంచం పక్కన సంగతి నేను చెప్తాను.

ఆ మూతలో రంధ్రం ఐసీయూలోకి రాకూడదు. క్యాథెటర్ నుంచి బ్యాగ్ దాకా అంతా మూసి ఉన్న వ్యవస్థ. మధ్యలో ఎక్కడ తెరిచినా సూక్ష్మక్రిములు పైకి పాకుతాయి. మీ సెన్సార్ ఏదైనా బయటే ఉండాలి. బ్యాగ్ ఎప్పుడూ మూత్రాశయం కంటే కిందే ఉండాలి, నేలకు మాత్రం తగలకూడదు. మీ స్టాండ్ ఎత్తు దీన్నిబట్టి పెట్టుకోండి.

ట్యూబ్ మంచం అంచున వేలాడి మెలిక పడితే మూత్రం అందులోనే నిలిచిపోతుంది. రెండు గంటలు సున్నా, తర్వాత ఒక్కసారిగా 120 మి.లీ. కిడ్నీకి ఏమీ కాలేదు, ట్యూబ్ వంగింది అంతే. కాబట్టి అలారం మోగితే తెరమీద మొదటి వాక్యం "ట్యూబ్, క్యాథెటర్ చూడండి" అని ఉండాలి.

జవాబు 3: లోడ్‌సెల్_పక్షం

మట్టం కొలవకండి, బరువు తూచండి. మామూలు యూరోబ్యాగ్ 2 లీటర్లది, నిండితే రెండు కిలోల పైచిలుకు. ట్యూబ్ లాగినా తట్టుకునేలా 5 కిలోల బార్ లోడ్ సెల్ (బరువును విద్యుత్ సంకేతంగా మార్చే కడ్డీ), దాన్ని చదివే హెచ్‌ఎక్స్711 బోర్డు తీసుకోండి. బోర్డుకి 3.3 వోల్టులే ఇవ్వండి, 5 ఇస్తే ఈఎస్‌పీ32 పిన్‌కి ఎక్కువ వోల్టేజ్ వెళ్తుంది. సెల్ ఒక చివర మంచం ఫ్రేముకి, రెండో చివర కొక్కెం, దానికి బ్యాగ్.

మూత్రం సాంద్రత 1.005 నుంచి 1.030 మధ్య ఉంటుంది. 1.015 అనుకుని లెక్కిస్తే తప్పు ఒకటిన్నర శాతం, 30 మి.లీ.కి అర మి.లీ. నురగ, ఆవిరి, బ్యాగ్ ఆకారం ఏదీ అడ్డు రాదు.

అడ్డొచ్చేది ట్యూబ్ బిగువు. బ్యాగ్‌కి కాస్త పైన ట్యూబ్‌ని మంచానికి క్లిప్ పెట్టి, క్లిప్‌కీ బ్యాగ్‌కీ మధ్య కొద్దిగా వదులు ఉంచండి. పేషెంట్ ఒత్తిగిలినప్పుడు లాగుడు సెల్ దాకా రాదు. వదులు మరీ ఎక్కువైతే పైన చెప్పిన మెలిక పడుతుంది.

కోడ్‌లో: పది సెకన్ల రీడింగుల మధ్య తేడా 5 గ్రాములు దాటితే ఆ పది సెకన్లనూ పారేయండి, ఎవరో ముట్టుకున్నారన్నమాట. మిగిలినవాటికి ఐదు నిమిషాల మీడియన్. నిమిషంలో 50 గ్రాములకు మించి తగ్గి అక్కడే నిలిస్తే బ్యాగ్ ఖాళీ చేశారని అర్థం, అప్పటిదాకా ఉన్న మొత్తాన్ని దాచి కొత్త బరువు నుంచి మొదలెట్టండి.

అల్ట్రాసోనిక్ తప్పదని మీ గైడ్ అంటే ఒక దారి ఉంది. గట్టి ప్లాస్టిక్ కొలత గది ఉన్న సంచి (యూరోమీటర్) తీసుకుని, ఆ గది అడుగున, బయటినుంచి, 1 మెగాహెర్ట్జ్ పీజో బిళ్ల (కరెంటు ఇస్తే కంపించి ధ్వని పుట్టించేది) ఆనించి ధ్వనిని ద్రవంలో కిందనుంచి పైకి పంపండి. టీడీసీ1000, టీడీసీ7200 చిప్‌లు ఈ పనికే ఉన్నాయి. నీళ్లలో 25 డిగ్రీల దగ్గర వేగం 1497 మీటర్లు కాబట్టి 2.4 సెం.మీ.కి రానూపోనూ 32 మైక్రోసెకన్లు. ద్రవం పైతలం నుంచే ఎకో వస్తుంది కనుక నురగ బెడద బాగా తగ్గుతుంది. కష్టాలు రెండు. బిళ్లకీ ప్లాస్టిక్‌కీ మధ్య సన్నటి గాలిపొర ఉన్నా ధ్వని ఆగిపోతుంది. జెల్ ఎండిపోతుంది కాబట్టి మెత్తటి సిలికాన్ ప్యాడ్ వాడండి. రెండోది, గది కొద్దిగా ఒరిగినా ఎకో పక్కకు పోతుంది.

ఈసీఈ_ఫైనలియర్

చాలా థాంక్స్ అండీ. లోడ్ సెల్‌కే మారుతున్నాం, పీజో విడిగా బల్లమీద పరీక్షిస్తాం. అలారం ఎప్పుడు మోగాలి? ఒక్క గంట 30 మి.లీ. కంటే తగ్గితే చాలా?

ఐసీయూ_చార్ట్

ఒక్క గంటకే మోగితే రెండు రోజుల్లో సిస్టర్లు దాన్ని ఆపేస్తారు. కేడిగో (కిడ్నీ జబ్బులకు మార్గదర్శకాలిచ్చే అంతర్జాతీయ సంస్థ) 2012 ప్రమాణం ప్రకారం కిలోకి గంటకు 0.5 మి.లీ. కంటే తక్కువ 6 గంటలు ఉంటే కిడ్నీ హఠాత్తుగా దెబ్బతినడంలో మొదటి దశ, 12 గంటలు దాటితే రెండోది. 0.3 కంటే తక్కువ 24 గంటలు, లేదా 12 గంటలు అసలు రాకపోతే మూడోది. వరుసగా రెండు గంటలు తగ్గితే ట్యూబ్ చూడమని పసుపు రంగు, ఆరు గంటలకు డాక్టర్‌ని పిలవమని ఎరుపు. పేషెంట్ బరువు ఎంటర్ చేయనిదే పరికరం మొదలవకూడదు. 45 కిలోలకీ 90 కిలోలకీ హద్దు ఒకటి కాదు.

లాసిక్స్ (మూత్రం ఎక్కువగా వచ్చేలా చేసే మందు) ఇచ్చిన సమయం నొక్కడానికి ఒక బటన్ పెట్టండి. ఆ తర్వాతి గంటల్లో మూత్రం బాగా వచ్చినా కిడ్నీ బాగుందని కాదు. మూత్రం తగ్గకుండానే క్రియాటినిన్ (కిడ్నీ వడకట్టాల్సిన, రక్తంలోని వ్యర్థం) పెరిగేవాళ్లూ ఉంటారు. 48 గంటల్లో డెసీలీటరుకు 0.3 మి.గ్రా. పెరిగినా లెక్కలోకి వస్తుంది, కాబట్టి రక్తపరీక్ష మానకూడదు. రిపోర్ట్‌లో ఉద్దానం పేరు రాయాలనుకుంటే ఆలోచించండి. అక్కడిది ఏళ్ల తరబడి నెమ్మదిగా ముదిరే జబ్బు, గంటల లెక్కతో దాన్ని కనిపెట్టలేం.

చివరగా, పరికరం చదవలేకపోయిన గంటలో 0 రాయకండి, గడి ఖాళీగా వదలండి. చార్ట్‌లో 0 చూసిన డాక్టర్‌కి మూత్రం ఆగిపోయిందనే అర్థం.