మీనాక్షిసుందరం గారి పరిశోధన వాల్తేరులో జరిగిందా, ప్రిన్స్‌టన్‌లో జరిగిందా?

ప్రశ్న (పరిశోధక విద్యార్థి):

నమస్కారం. నేను ఇటీవలే అవకలన జ్యామితిలో పరిశోధన మొదలుపెట్టాను. లాప్లాస్ ఆపరేటర్ ఐగెన్ విలువల (ఒక ఆకారం కంపించే స్వరాలను నిర్ణయించే సంఖ్యల) గురించి ఏ పుస్తకం తెరిచినా మీనాక్షిసుందరం–ప్లేయెల్ జీటా ప్రమేయం ప్రస్తావన వస్తోంది. ఈ మీనాక్షిసుందరం గారు ఆంధ్ర విశ్వవిద్యాలయంలో పనిచేశారని మా గురువుగారు చెప్పేదాకా నాకు తెలియదు. నేను విశాఖపట్నంలోనే డిగ్రీ చదువుకున్నా ఆ పేరు అక్కడెవరి నోటా వినలేదు. ఆయన చదువు, ఉద్యోగ జీవితం ఎలా సాగాయో, ఆయనకు పేరు తెచ్చిన ఫలితం వాల్తేరులో పుట్టిందో ప్రిన్స్‌టన్‌లో పుట్టిందో తెలిసినవారు చెప్పగలరా?

జవాబు (విశ్రాంత గణితాచార్యుడు):

మీ గురువుగారు చెప్పింది నిజమే. సుబ్బరామయ్య మీనాక్షిసుందరం 1913లో కేరళలోని త్రిచూరులో పుట్టి, మద్రాసులో పెరిగి, లొయోలా కళాశాలలో చదివారు. ఆ తరువాత మద్రాసు విశ్వవిద్యాలయంలో కె. ఆనందరావు గారి ప్రభావంలో పరిశోధన సాగించారు. రామానుజన్ కేంబ్రిడ్జిలో ఉన్న కాలంలోనే అక్కడ హార్డీ దగ్గర చదువుకుని వచ్చినవారు ఆనందరావు. అందువల్ల ఆ రోజుల్లో మద్రాసులో గణిత పరిశోధన అంటే చాలామటుకు ఇంగ్లీషు గణితవేత్తలు హార్డీ, లిటిల్‌వుడ్‌లు వేసిన బాటే: డిరిక్లే శ్రేణులు (సంఖ్యల ఘాతాలను వరసగా కూడే అనంత శ్రేణులు), అపసరించే, అంటే మొత్తం తేలని, శ్రేణులకు అర్థవంతమైన మొత్తాన్ని ఇచ్చే సంకలన పద్ధతులు. మీనాక్షిసుందరం తొలి వ్యాసాలూ ఆ కోవలోవే.

ఆయన దృష్టిని మరో వైపు మళ్ళించినది ఫాదర్ రసీన్. పారిస్‌లో ఎలీ కార్టాన్ దగ్గర చదువుకుని 1937లో భారతదేశానికి వచ్చిన ఈ ఫ్రెంచి జెసూట్ ఫాదర్, పాశ్చాత్య దేశాల్లో కొత్తగా వస్తున్న గణితాన్ని మద్రాసు యువకులకు పరిచయం చేశారు. మీనాక్షిసుందరం, వేడి వ్యాపించే తీరును చెప్పే ఉష్ణ సమీకరణం వంటి పారాబోలిక్ సమీకరణాల మీద పనిచేయడం ఆ వాతావరణంలోనే మొదలైంది. తరువాత ఆయన ఆంధ్ర విశ్వవిద్యాలయంలో అధ్యాపకుడిగా చేరారు. అది గణితానికి గొడ్డుపోయిన చోటేమీ కాదు. సర్వదమన్ చౌలా 1936లో లాహోరు వెళ్ళేముందు పనిచేసింది అక్కడే. సంఖ్యా సిద్ధాంతంలో పేరున్న వి. రామస్వామి అక్కడి ఆచార్యులే. సి.ఆర్. రావు గారు గణితంలో పట్టా పుచ్చుకున్నదీ అక్కడే.

మీనాక్షిసుందరం 1946 నుంచి 1948 వరకు ప్రిన్స్‌టన్‌లోని ఇన్‌స్టిట్యూట్ ఫర్ అడ్వాన్స్‌డ్ స్టడీలో ఉన్నారు. స్వీడన్ గణితవేత్త ఓకె ప్లేయెల్‌తో కలిసి రాసిన వ్యాసం 1949లో కెనడియన్ జర్నల్ ఆఫ్ మ్యాథమెటిక్స్ మొదటి సంపుటంలో వచ్చింది. ఆ తరువాత తిరిగి వాల్తేరు వచ్చి ఆచార్యుడిగా పనిచేశారు. 1952లో కె. చంద్రశేఖరన్‌తో కలిసి సంకలన పద్ధతుల మీద 'టిపికల్ మీన్స్' అనే గ్రంథం ప్రచురించారు. ఈ చంద్రశేఖరన్ మన మచిలీపట్నంలో పుట్టి, బాపట్లలో బడి చదువు చదివి, టాటా ఇన్‌స్టిట్యూట్ గణిత విభాగాన్ని నిలబెట్టిన వ్యక్తి. మీనాక్షిసుందరం 1958లో ఎడిన్‌బరోలో జరిగిన అంతర్జాతీయ గణిత మహాసభలో ఆహ్వానిత ప్రసంగం చేశారు. చివరి రోజుల్లో సిమ్లాలోని ఉన్నత అధ్యయన సంస్థకు వెళ్ళారు. 1968 ఆగస్టులో, ఇంకా యాభై అయిదేళ్ళయినా నిండకుండానే మరణించారు.

జవాబు (అమెరికాలో గణితం బోధించే తెలుగువాడు):

పై జవాబులో జీవితం చక్కగా వచ్చింది కనుక నేను గణితం సంగతి చెబుతాను. మీ రెండో ప్రశ్నకు సమాధానం అందులోనే దొరుకుతుందని నా అభిప్రాయం.

అంచు లేని సంవృత మానిఫోల్డ్ (వృత్తం, గోళతలం వంటి ఆకృతి) మీద లాప్లాస్ ఆపరేటర్‌కు ఉండే సున్న కాని ఐగెన్ విలువలను తీసుకుని, ఒక్కొక్కదాన్నీ మైనస్ ఎస్ ఘాతానికి హెచ్చించి కూడితే వచ్చేదే వారి జీటా ప్రమేయం. చుట్టుకొలత 2π ఉన్న వృత్తాన్ని తీసుకుంటే ఆ విలువలు 1, 4, 9 అంటూ వర్గ సంఖ్యలవుతాయి, ఒక్కొక్కటి రెండేసి సార్లు వస్తుంది. కాబట్టి అక్కడ ఈ ప్రమేయం 2ζ(2s), అంటే రీమాన్ జీటా ప్రమేయమే కొద్ది మార్పుతో. ఈ శ్రేణి అభిసరించే ప్రాంతాన్ని దాటి ప్రమేయాన్ని సంకీర్ణ తలమంతటికీ విస్తరించవచ్చనీ, దాని ధ్రువాలు (ప్రమేయం అనంతమయ్యే బిందువులు) ఎక్కడ ఉంటాయో, అక్కడి అవశేషాలకూ (ఒక్కో ధ్రువానికి లెక్కగట్టే గుణకాలకూ) మానిఫోల్డ్ ఆకృతికీ ఏం సంబంధమో చెప్పవచ్చనీ ఆ వ్యాసం చూపింది. ఉష్ణ సమీకరణం భాషలో, కాలం సున్నకు చేరువయ్యేటప్పుడు వచ్చే విస్తరణలో మొదటి గుణకం ఘనపరిమాణం. రెండోది అదిశ వక్రత (ఒక్కో బిందువు దగ్గర వంపును ఒకే సంఖ్యలో చెప్పే కొలత) సమాకలనంలో ఆరో వంతు అని తరువాతివారు లెక్కగట్టారు.

ఇప్పుడు గమనించండి. ఐగెన్ విలువల ఘాతాల మొత్తం అంటే అది సాధారణీకరించిన డిరిక్లే శ్రేణే. దాన్ని అభిసరణ హద్దు దాటించి చూడాలన్న చూపు ఆనందరావు గారి దగ్గర అబ్బింది, ఉష్ణ సమీకరణం రసీన్ గారి సాంగత్యంలో వచ్చింది. ప్రిన్స్‌టన్ ఆ రెండింటినీ రీమాన్ జ్యామితితో కలిపేందుకు తీరికనూ తోడునూ ఇచ్చింది. ఫలితం అక్కడ పూర్తయిన మాట నిజమే అయినా, దాని వేళ్ళు మద్రాసులో ఉన్నాయనడం అతిశయోక్తి కాదు.

ప్రశ్నించినవారి స్పందన:

ఇద్దరికీ కృతజ్ఞతలు. వృత్తం ఉదాహరణ మా తరగతిలో ఎవరూ చెప్పలేదు. అయితే మరి వాల్తేరు వాటా ఏమీ లేదా?

జవాబు (విశ్రాంత గణితాచార్యుడు):

ఉంది. 1953లో జర్నల్ ఆఫ్ ఇండియన్ మ్యాథమెటికల్ సొసైటీలో రీమాన్ మానిఫోల్డ్‌ల మీద ఐగెన్ ప్రమేయాల గురించి ఆయన ఒక్కరే ఒక చిన్న వ్యాసం రాశారు. అది వాల్తేరు కాలపు పని. ఉష్ణ కెర్నల్ (ఉష్ణ సమీకరణపు మూల పరిష్కారం) నిర్మాణానికి నేటికీ చాలామంది ఉదహరించేది 1949 నాటి వ్యాసంతో పాటు దీన్ని కూడా.

ఆయన వెనుక వాల్తేరులో పెద్ద శిష్య పరంపర నిలవకపోవడానికి ఆయన ప్రతిభను తప్పుపట్టడం అన్యాయం. బొంబాయిలో చంద్రశేఖరన్‌కు పరిశోధనకే అంకితమైన టాటా ఇన్‌స్టిట్యూట్, యూరప్ నుంచి వచ్చిపోయే ఆచార్యులు, ఏరికోరి తెచ్చుకున్న విద్యార్థులు ఉన్నారు. విశ్వవిద్యాలయ శాఖలో పాఠాలూ పరీక్షలూ పోగా మిగిలిన కాలమే పరిశోధనకు. చిత్రమేమిటంటే, ఆ బొంబాయి సంస్థలోనే వి.కె. పటోడి 1971లో ఉష్ణ సమీకరణం విస్తరణను వక్రతతో కలిపి అద్భుతమైన ఫలితాలు సాధించారు. తరువాత అటియా, బాట్‌లతో కలిసి సూచీ సిద్ధాంతానికి (సమీకరణాల పరిష్కారాల లెక్కను ఆకృతితో ముడిపెట్టే సిద్ధాంతానికి) కొత్త నిరూపణ ఇచ్చారు.

జవాబు (అమెరికాలో గణితం బోధించే తెలుగువాడు):

ఒక్క మాట చేరుస్తాను. డోలు మోత విని దాని ఆకారం చెప్పగలమా అని 1966లో మార్క్ కాట్స్ అడిగిన ప్రశ్న ప్రసిద్ధం. ఆ తరువాతి ఏడాది మెక్‌కీన్, సింగర్ రాసిన వ్యాసంతో ఈ విస్తరణ జ్యామితికారులందరి చేతికీ వచ్చింది. 1977లో భౌతికశాస్త్రవేత్త హాకింగ్ వంకర స్థలకాలంలో క్వాంటం లెక్కల కోసం జీటా ప్రమేయాన్నే వాడారు. మీరు మొదట గోళం మీద ఐగెన్ విలువలను స్వయంగా లెక్కగట్టి, విస్తరణలో మొదటి రెండు పదాలను సరిచూసుకుని, అప్పుడు 1953 వ్యాసం చదవండి. తిన్నగా 1949 వ్యాసంతో మొదలుపెడితే గ్రీన్ ప్రమేయాల (ఒకే బిందువు దగ్గరి ప్రేరణకు సమీకరణం ఇచ్చే పరిష్కారాల) అంచనాల దగ్గర ఆగిపోయే ప్రమాదముంది.