డాన్స్ మెషీన్లు కనుమరుగైంది ఆడేవాళ్లు లేకా, బాగుచేసేవాళ్లు లేకా?

బాణంగుర్తు:
ఆర్కేడ్లలో, అంటే నాణెం వేసి గేమ్‌లు ఆడే చోట్ల, తెర మీది బాణాలకు తగ్గట్టు కాళ్లతో తొక్కి ఆడే డాన్స్ మెషీన్లు ఏమైపోయాయి అనగానే వినిపించే జవాబు ఒకటే: "ఇంటికే తొక్కే ప్యాడ్ వచ్చేసింది, క్రేజ్ అయిపోయింది." నేనిది ఒప్పుకోను. కొనామీ కంపెనీ ఆట డాన్స్ డాన్స్ రెవల్యూషన్ (డీడీఆర్) జపాన్ ఆర్కేడ్లలోకి వచ్చింది 1998లో. మరుసటి ఏడే ఇంట్లో ఆడుకునే ప్లేస్టేషన్‌లోకీ వచ్చేసింది. ఇంటి ప్యాడే దెబ్బతీసేదైతే అప్పుడే తీసుండాలి. కానీ ఆట ఊపందుకున్నది ఆ తర్వాతే. ఇంట్లో మెత్తటి ప్యాడ్ మీద నేర్చుకున్నవాళ్లే అసలు మెషీన్ కోసం వెతుక్కుంటూ వెళ్లారు. తగ్గింది ఆడేవాళ్లు కాదు, ఆడదగ్గ స్థితిలో ఉన్న మెషీన్లు. కాదనేవాళ్లు కారణం చెప్పండి.

సాయంత్రం_ఆట:
కాదనే అంటాను. ఆర్కేడ్లకు ఆర్కేడ్లే మూతపడుతుంటే వాటిలో ఒక మెషీన్ ఎలా మిగులుతుంది? 2009లో ఇంట్లో టీవీ ముందు గెంతే జస్ట్ డాన్స్ ఆట, మరుసటి ఏడు ఒంటి కదలికలను కెమెరాతో పట్టే కైనెక్ట్ వచ్చాయి. సరదాగా ఒకట్రెండు పాటలకు గెంతాలనుకునేవాళ్లు అటు వెళ్లిపోయారు. మిగిలింది కష్టమైన పాటలు ఆడే కొద్దిమంది. వాళ్లు వేసే నాణేలతో యజమానికి గిట్టదు.

స్క్రూడ్రైవర్:
మెషీన్ లోపలికి ఎవరూ తొంగిచూడట్లేదు. డీడీఆర్ స్టేజీలో ఒక్కో బాణం పలక కింద నాలుగు అంచుల్లో నాలుగు సెన్సార్లుంటాయి. ఒక్కొక్కరికి నాలుగు బాణాల చొప్పున ఇద్దరికి ఎనిమిది, అంటే 32 సెన్సార్లు. రోజంతా వాటి మీద మనుషులు గెంతుతారు. స్క్రూలు వదులవుతాయి, దుమ్ము చేరుతుంది, ఒక మూల సెన్సార్ పోతుంది. పైకి మెషీన్ నిక్షేపంలా ఉంటుంది. లైట్లు వెలుగుతాయి, పాట వస్తుంది, కుడి బాణం మాత్రం గట్టిగా తొక్కితే తప్ప పట్టదు. కొత్తగా ఎక్కినవాడు "నాకు రాదులే" అనుకుని దిగిపోతాడు. ఆరితేరిన ఆటగాళ్లు పలక ఊడదీసి, సెన్సార్ల దగ్గర చిల్లర నాణేలు పెట్టి పట్టేలా చేసుకునేవారు. నిజానికి అది యజమాని చేయించాల్సిన పని. మామూలు వీడియో గేమ్‌లో బటన్ పోతే మార్చేస్తే సరి, దీనికి తరచూ చెయ్యి పెట్టాలి. పైగా పాత కేబినెట్లలో, అంటే మెషీన్ పెట్టెల్లో, ఉన్నది పాత టీవీల్లాంటి సీఆర్‌టీ మానిటర్. అది పోతే పాతదే ఎక్కడో వెతుక్కోవాలి.

సాయంత్రం_ఆట:
అంటే గిట్టుబాటు కాదనే కదా. నేనన్నదీ అదే.

స్క్రూడ్రైవర్:
అదే కాదండీ. జనం రాలేదు కాబట్టి ఆదాయం లేదని మీరంటున్నారు. బాణాలు పట్టలేదు కాబట్టే జనం రాలేదని నేనంటున్నాను.

రిథమ్_పిచ్చి:
కొనామీ మాట ఎత్తకుండా ఈ చర్చ తేలదు. 2002 చివర్లో డీడీఆర్ ఎక్స్‌ట్రీమ్ వెర్షన్ వచ్చాక ఆర్కేడ్లకు తర్వాతి వెర్షన్, సూపర్‌నోవా, వచ్చేసరికి 2006. ఆ ఖాళీలో అమెరికాలో రాక్సర్ గేమ్స్ సంస్థ ఇన్ ద గ్రూవ్ అనే ఇలాంటి ఆటే తెచ్చింది. దాన్ని పాత డీడీఆర్ కేబినెట్‌లోనే అమర్చుకునే కిట్‌గా అమ్మారు. యజమానికి కొత్త మెషీన్ కొనే ఖర్చు తప్పింది, ఆడేవాళ్లకు కొత్త పాటలు దొరికాయి. 2005లో కొనామీ కోర్టుకెక్కింది. 2006లో రాజీ కుదిరి ఆ ఆట హక్కులు కొనామీ చేతికే వెళ్లాయి. ఉన్న కేబినెట్లను బతికించే మంచి దారి అలా మూసుకుపోయింది. తర్వాత తర్వాత కొత్త వెర్షన్లు కంపెనీ ఆన్‌లైన్ నెట్‌వర్క్‌కు ముడిపడ్డాయి. 2016లో 'డీడీఆర్ ఏ (A)' అనే వెర్షన్ అమెరికాకు వచ్చినప్పుడు కనిపించింది రౌండ్ వన్, డేవ్ అండ్ బస్టర్స్ లాంటి పెద్ద చెయిన్లలో. ఈ ఆటను మొదట్నుంచీ మోసిన చిన్న ఆర్కేడ్ల సంగతేంటి? నాకు అన్నిటికన్నా కోపం తెప్పించేది ఇదే.

బాణంగుర్తు:
మరో సంగతి. ఆండమీరో కంపెనీ వాళ్ల డాన్స్ ఆట పంప్ ఇట్ అప్ 1999 నుంచి కొత్త వెర్షన్లతో వస్తూనే ఉంది. ఇన్ ద గ్రూవ్ చేసినవాళ్లలో కొందరు తర్వాత స్టెప్‌మేనియాఎక్స్ అనే డాన్స్ మెషీన్ తయారుచేశారు. ఆడేవాళ్లే లేకపోతే ఇవన్నీ ఎవరి కోసం?

సాయంత్రం_ఆట:
ఉన్నారు, కాదనను. కానీ ఒక ఊరి ఆర్కేడ్‌ను నిలబెట్టేంత మంది ఉన్నారా? ఆ లెక్క మీరెవరూ చెప్పలేదు. పెద్ద స్టేజీ పట్టే చోటులో బొమ్మలు పట్టే క్రేన్ మెషీన్లు రెండు మూడు పెట్టుకోవచ్చు. అద్దె కట్టేవాడు అదే చూస్తాడు.

స్క్రూడ్రైవర్:
చోటు విషయంలో మీతో ఏకీభవిస్తాను, మిగతాదాంట్లో కాదు. ఎక్కడైనా మెషీన్ కనబడి బాణం పట్టకపోతే మాత్రం ఊరికే దిగి వెళ్లిపోకండి. "ప్యాడ్ బాలేదు" అంటే కౌంటర్‌లో ఎవరికీ అర్థం కాదు. ఎడమ స్టేజీ, పై బాణం, ఫలానా మూల అని చెప్పండి. టెస్ట్ మెనూలో బాణాలు తొక్కి చూసే ఏర్పాటు ఉంటుంది, అక్కడ చూపించమని అడగండి.