టీవీ ఛానెల్ చేతులు మారితే ఆ సంగతి తెరమీద చూపించాలా?

అనంతపురం ప్రేక్షకుడు:
వార్తలు ప్రసారం చేసే సంస్థ యాజమాన్యం మారినప్పుడు, కొత్త యజమాని ఎవరో ఆ ఛానెల్‌లోనే చూపించడాన్ని చట్టం తప్పనిసరి చేయాలన్నది నా వాదన. 1995 ఆగస్టు 27న రామోజీరావు గారు తెలుగులో ప్రారంభించిన ఈటీవీ, తర్వాతి కాలంలో మరాఠీ, కన్నడ, బంగ్లా, గుజరాతీ, ఒడియా, ఉర్దూ భాషలకూ హిందీ రాష్ట్రాలకూ విస్తరించింది. టీవీ18 అనే ప్రసార సంస్థ 2012 జనవరిలో ప్రకటించిన ఈటీవీ ఛానెళ్ల వాటాల కొనుగోలు 2014 జనవరిలో పూర్తయింది. హిందీ, ఉర్దూ వార్తా ఛానెళ్లు పూర్తిగానూ, తెలుగేతర వినోద ఛానెళ్లు సగమూ, తెలుగు ఛానెళ్లలో 24.5 శాతమూ ఆ సంస్థకు వెళ్లాయి. అయినా ఆ వార్తా ఛానెళ్ల మీద ఈటీవీ పేరే మరి కొన్నాళ్లు కొనసాగింది. జైపూర్‌లో కూర్చుని చూసిన మనిషికి ఆ వార్త ఎవరి సొంతమో ఎలా తెలియాలి?

ప్రొద్దుటూరు వాసి:
తెలుగు ఛానెల్ అమ్ముడుపోయిందన్న అర్థం రాకుండా రాయవలసింది. వెళ్లింది పావు వంతు కూడా కాదు. పగ్గాలు వ్యవస్థాపక కుటుంబం దగ్గరే ఉన్నాయి. వేరుశనగ వేసిన రైతుకు కావలసింది తిక్క ఆకుమచ్చ తెగులుకు ఏ మందు ఎప్పుడు కొట్టాలన్నదే. అది ఈటీవీ వ్యవసాయ కార్యక్రమం ‘అన్నదాత’లో సరిగా చెబితే చాలు, వాటాల లెక్క అతనికెందుకు? పైగా 2009 మార్చిలో మొదలైన సాక్షి టీవీ ఎవరిదో మా కడప జిల్లాలో తెలియనివారు లేరు. తెలిసిందని ఎవరూ చూడడం మానలేదు.

కర్నూలు మాజీ విలేకరి:
మానకపోవచ్చు కానీ, తెలుసు కాబట్టే ప్రతి ఇంట్లోనూ ఎంత నమ్మాలో అంతే నమ్మి చూస్తున్నారు. ఆ అవకాశం అన్ని ఛానెళ్ల విషయంలోనూ ఉండాలి. టీవీ9 యాజమాన్యం 2018లో మై హోమ్, మేఘా సంస్థల అధిపతుల చేతికి వచ్చింది. 2019 మేలో వ్యవస్థాపక సీఈవోను తొలగించి, వివాదం బయట పడేదాకా ఆ మార్పును మా ప్రాంతంలో గమనించినవారు తక్కువే. మేఘా పెద్ద పెద్ద సాగునీటి పనులు చేసే సంస్థ. హంద్రీ-నీవా నీటి మీద ఒక వార్త వచ్చినప్పుడు, అది నిజమా కాదా అన్నది వేరే మాట; చెబుతున్నవారి వ్యాపారం ఏమిటో రాయలసీమ రైతుకు ముందే తెలిసి ఉండడం అతని హక్కు. పత్రికలకు ఈ పద్ధతి కొత్త కాదు. 1956 నాటి నిబంధనల కింద, ఏటా ఫిబ్రవరి ముగిశాక వచ్చే తొలి సంచికలో ఫారం 4 అచ్చువేసి, ఒక శాతానికి మించి వాటా ఉన్నవారి పేర్లు ప్రకటించే ఆనవాయితీ దశాబ్దాలపాటు నడిచింది. లోపలి పేజీలో చిన్న అక్షరాలతో వచ్చినా, కావలసినవాడు దాన్ని వెతికి చదివేవాడు.

ఆదోని న్యాయవాది:
ఫారం 4 లాంటిది టీవీకి తెచ్చినా కంపెనీ పేరు దాటి లోపలికి వెళ్లదు. ఈటీవీ కొనుగోలు పూర్తయిన నాలుగు నెలలకే, 2014 మేలో, టీవీ18కి అప్పట్లో మాతృసంస్థ అయిన నెట్‌వర్క్18ను రిలయన్స్ తన అధీనంలోకి తెచ్చుకుంటున్నట్టు ప్రకటించింది, అదీ తానే లబ్ధిదారుగా ఉన్న ఇండిపెండెంట్ మీడియా ట్రస్టు ద్వారా. తెరమీద ‘టీవీ18’ అని రాస్తే అందులో ఎవరి ముఖం కనిపిస్తుంది?

అనంతపురం ప్రేక్షకుడు:
అభ్యంతరం సబబైనదే. అందుకే నా వాదనను ఇంకా బిగిస్తున్నాను: కంపెనీ పేరు కాదు, దాని వెనుక ట్రస్టులు ఎన్ని ఉన్నా చివరికి లాభమూ అధికారమూ చేరే మనిషి పేరు చూపించాలి. గాలితరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు 1995 ఫిబ్రవరిలోనే చెప్పింది. మీడియా యాజమాన్యంపై టెలికాం, ప్రసార రంగాల నియంత్రణ సంస్థ ట్రాయ్ 2014 ఆగస్టులో సిఫార్సులు చేసి, 2022లో మళ్లీ అదే విషయంపై సంప్రదింపుల పత్రం విడుదల చేసింది. ప్రొద్దుటూరు వారు అన్నట్టు రైతుకు వాటాల లెక్క అక్కర లేకపోవచ్చు. అక్కర ఉన్న రోజున అది అతనికి దొరకాలి, అది కూడా ఇంట్లో రిమోట్ నొక్కితే కనిపించేలా.