నాన్నమ్మ పడిపోతుందేమోనని భయం, చెప్తే వినట్లేదు

మా నాన్నమ్మకి 78. రాత్రిళ్ళు లైటు వెయ్యకుండా బాత్రూమ్‌కి వెళ్తుంది, కరెంటు దండగంట. చేతికర్ర కొనిస్తే "నేనేమన్నా ముసలిదాన్నా" అని మూల పడేసింది. ఎలా చెప్పాలండి?

రిప్లై 1: మీరు చెప్తే వినరండీ, వాళ్ళ ఈడు వాళ్ళు చెప్పాలి. మా ఊళ్ళో ఏఎన్‌ఎమ్ గారు లెక్చర్ ఇస్తే అందరూ కునికారు, అదే రామాలయంలో భజనయ్యాక మా పెద్దమ్మ తెల్లారగట్ట మంచం మీంచి దిగ్గున లేచి కళ్ళు తిరిగి గడప తన్నుకుని తుంటి విరగ్గొట్టుకున్న కథ మొదలెడితే, ఇంక నేనూ పడ్డా అంటే నేనూ పడ్డా అని గుడంతా గోల. ఆ వారమే ముగ్గురు గుమ్మం ముందు గోనెపట్టా తీసేశారు.

రిప్లై 2: కళ్ళు తిరగడం బీపీ మాత్రల వల్ల కూడా అవ్వచ్చు, డాక్టర్‌కి చెప్పండి. లేచాక కాసేపు మంచం మీదే కూర్చోమనండి. బాత్రూమ్‌లో పట్టుకోడానికి గట్టి రాడ్ వేయించండి, టవల్ రాడ్ ఊడొచ్చేస్తుంది. డబ్ల్యూహెచ్‌ఓ లెక్కలో ఏటా 6,84,000 మంది పడిపోయి చనిపోతున్నారు, ఎక్కువ 60 దాటినవాళ్ళే.

ప్రశ్న అడిగింది నేనే: నువ్వెప్పుడైనా పడ్డావా అని ఊరికే అడిగా, పోయిన సంక్రాంతికి పెరట్లో పడిందంట, ఎవరికీ చెప్పలేదు! సెన్సార్ లైటు పెట్టించా, దాన్ని మాత్రం ఏమనలేదు.