విదేశంలో పిల్లల హోంలో ఏడాది వాలంటీర్‌గా వెళ్తున్నా: అసలు చేయాల్సిన పని ఏంటి?

ప్రశ్న (కొత్త వాలంటీర్):

అందరికీ వందనాలు. వచ్చే నెల నుంచి ఏడాది పాటు విదేశంలో ఒక క్రైస్తవ పిల్లల హోంలో ఉండబోతున్నాను. మూడేళ్ల నుంచి పదిహేనేళ్ల దాకా నలభై మంది పిల్లలు. వాళ్ళు పంపిన కాగితంలో "ఉదయ ప్రార్థన, పిల్లల పనులు, హోంవర్క్, సాయంత్ర ప్రార్థన" అన్న నాలుగు ముక్కలే ఉన్నాయి. అక్కడి భాష రాదు. రోజంతా నా చేతికి వచ్చే పని ఏమిటి? గజ్జి, విరేచనాల్లాంటివి వస్తే నేనేం చేయాలి? ప్రార్థన, బైబిల్ కథల విషయంలో ఎంతవరకు వెళ్ళొచ్చు? మా సంఘానికి ఫోటోలు పంపొచ్చా?

జవాబు (హోం పర్యవేక్షణ):

వందనాలు సిస్టర్. టికెట్ కొనే ముందు హోంను మూడు అడగండి. ప్రభుత్వం దగ్గర రిజిస్టర్ అయిందా? పిల్లల్లో ఎంతమందికి అమ్మో నాన్నో ఉన్నారు, వాళ్ళను ఇంటికి చేర్చే ప్రయత్నం జరుగుతోందా? మీ దగ్గర పోలీసు క్లియరెన్స్ ఎందుకు అడగలేదు? (అడిగి ఉంటే మంచిదే. అడగని చోటికి వెళ్ళొద్దు. మిమ్మల్ని అడగనివాళ్ళు ఇంకెవర్నీ అడిగి ఉండరు.) వీసా కూడా చూసుకోండి, టూరిస్ట్ వీసా మీద వాలంటీర్ పని చాలా దేశాల్లో చెల్లదు. పిల్లల్ని కుటుంబంలో ఉంచడమే ముందు, హోం ఆ తర్వాతే అని ఐక్యరాజ్యసమితి 2009 మార్గదర్శకాల్లో ఉంది. రుమేనియాలో 2000లో మొదలై 136 మంది చిన్నపిల్లల్ని గమనించిన బుకారెస్ట్ అధ్యయనంలోనూ, హోంలో ఉండిపోయినవాళ్ళకంటే పెంపుడు కుటుంబాలకు వెళ్ళినవాళ్ళు బాగా ఎదిగారు. రెండేళ్లలోపే వెళ్ళినవాళ్ళకు మేలు ఇంకా ఎక్కువ కనిపించింది. మంచి హోం ఈ మాటలు విని నొచ్చుకోదు.

ఇక పని. మీరు పిల్లలకు అమ్మ కాదు, అక్కడి ఆయాలకు తోడు. ఏడాదికి వెళ్ళిపోయే మనిషి చంటిపిల్లల్ని చంకనేసుకుని తిరిగితే ఆయాకు బట్టలుతికే పనే మిగులుతుంది. అది తలకిందులవ్వాలి. ఉతుకు మీది, ఒడి ఆయాది.

పొద్దున్నే ఉండే హడావిడిలో మీరు ఎక్కువ పనికొచ్చేది పక్క తడిపే పిల్లల దగ్గర. మిగతా పిల్లలు లేవకముందే లేపండి. "ఏంటి, మళ్ళీనా" అన్న మాటే రాకూడదు. మంచం పక్కన ముందురోజు రాత్రే మడిచి పెట్టిన దుప్పటి, నిక్కరు ఉండాలి. తడి దుప్పటిని లోపలికి చుట్టి బకెట్లో వేయాలి, ముందు చన్నీళ్ళలో జాడించి తర్వాతే సబ్బు. పరుపు మీది ప్లాస్టిక్ కవరును సబ్బునీళ్ళతో తుడిచి ఆరబెట్టాలి. సాయంత్రం నీళ్ళు మానిపిస్తే పోతుందనుకుంటారు గానీ, పగలు సరిపడా తాగించి పడుకోబోయే ముందు టాయిలెట్‌కు పంపడమే సరైనది. మలబద్ధకం ఉందేమో కనుక్కోండి, కొందరిలో కారణం అదే కావచ్చు. ఆరు నెలలు మానేసిన పిల్లవాడు మళ్ళీ మొదలెడితే నర్సుకు చెప్పాలి. అది మూత్రంలో ఇన్ఫెక్షన్ కావచ్చు, షుగర్ కావచ్చు, ఎవరైనా బెదిరిస్తుండొచ్చు.

పిల్లలు బడికి వెళ్ళాక ఖాళీ అనుకోకండి. దుస్తుల స్టాకు, బొత్తాలు కుట్టడం, మందుల రిజిస్టరు, రోజుకో గంట అక్కడి భాష. మొదటి వారం "నొప్పి", "ఎక్కడ", "ఆగు", "వద్దు", "ఆయా దగ్గరికి వెళ్దాం" వస్తే చాలు. సాయంత్రం హోంవర్క్ వేళ మీకు భాష రాకపోవడం కూడా ఉపయోగమే. పిల్లవాణ్ణి వేలు పెట్టి పైకి చదవమనండి, ఆ మాట మీకు నేర్పమనండి.

ఇంకొకటి. వెళ్ళిన మొదటి గంటలోనే మూడేళ్ల పాప పరుగెత్తుకొచ్చి మీ మోకాళ్ళు చుట్టేస్తుంది. ఎంత ప్రేమగల పిల్లో అనిపిస్తుంది. ముక్కూమొహం తెలియని మనిషిని అలా అల్లుకుపోవడం ఆ వయసుకు మామూలు కాదు, తనదంటూ ఒక మనిషి నిలవకపోవడం వల్ల వచ్చేది. తోసేయొద్దు, ఎత్తుకోనూ వద్దు. పాప కళ్ళకు సమానంగా కింద కూర్చుని, చేయి పట్టుకుని, ఊడిన చెప్పు చూపించి "ఆయాకు చూపిద్దాం పద" అని నడిపించండి. ఆయా చేత్తోనే తొడిగించండి. రోజుకు పదిసార్లైనా ఇలాగే.

జవాబు (నర్సు):

గజ్జి గురించి. ఒక్కరికి కనబడిందంటే ఆ గదిలో అందరికీ, ఆయాలతో సహా, మీకు కూడా, ఒకే రాత్రి మందు పడాలి. మొదటిసారి సోకినవాళ్ళకు దురద 4 నుంచి 6 వారాలకు గానీ మొదలవదు. దురద లేదని వదిలేసినవాళ్ళ నుంచే తిరిగొస్తుంది. డాక్టరు రాసిన 5 శాతం పర్మెత్రిన్ క్రీము మెడ నుంచి అరికాలి దాకా రాయాలి. వేళ్ళ సందులు, గోళ్ళ కింద, బొడ్డు, పిరుదుల మధ్య తప్పిపోతుంటాయి. బాగా చిన్నపిల్లలకు కళ్ళు, నోరు వదిలి తలకు, ముఖానికి కూడా. 8 నుంచి 14 గంటలు ఉంచి కడగాలి. మధ్యలో చేతులు కడిగితే అక్కడ మళ్ళీ రాయాలి. వారం తర్వాత రెండో విడత. గత మూడు రోజుల్లో వాడిన బట్టలు, దుప్పట్లు వేడినీళ్ళలో ఉతకాలి, వీలుకానివి సంచిలో మూతి కట్టి వారం ఉంచాలి. పురుగు చచ్చాక కూడా దురద రెండు నుంచి నాలుగు వారాలు ఉంటుంది. తగ్గలేదని రోజూ రాస్తే చర్మం మండిపోతుంది.

విరేచనాలకు ఓఆర్‌ఎస్ ప్యాకెట్టు మీద ఎన్ని నీళ్ళు రాసుంటే అన్నీ, సాధారణంగా లీటరు. సగం ప్యాకెట్టు గ్లాసులో కలిపితే ఉప్పు ఎక్కువై ప్రమాదం. 24 గంటలు దాటితే పారబోయాలి. ప్రతి విరేచనం తర్వాత రెండేళ్లలోపు వాళ్ళకు 50 నుంచి 100 మిల్లీలీటర్లు, పదేళ్లలోపు వాళ్ళకు 100 నుంచి 200. వాంతి చేసుకుంటే పది నిమిషాలు ఆగి చెంచాతో కొద్దికొద్దిగా. రక్తం పడినా, కళ్ళు లోతుకు పోయినా, తాగలేకపోయినా వెంటనే ఆసుపత్రి.

విరేచనం పడ్డ నేల ముందు సబ్బుతో కడిగి, ఆ తర్వాతే బ్లీచ్. మురికి మీద పోస్తే బ్లీచ్ దానితోనే ఖర్చయిపోతుంది. సీసా మీద 5 శాతం అని ఉంటే 20 మిల్లీలీటర్లకు 980 మిల్లీలీటర్ల నీళ్ళు. యాసిడ్ టాయిలెట్ క్లీనర్‌తో కలపనే వద్దు, క్లోరిన్ వాయువు వస్తుంది.

మీ బ్యాగులోని మాత్ర ఏ పిల్లకూ ఇవ్వొద్దు. జ్వరం సిరప్‌లో 5 మిల్లీలీటర్లకు 120 మిల్లీగ్రాములు ఉండేదీ ఉంది, 250 ఉండేదీ ఉంది. "ఒక చెంచా" అన్న లెక్క అందుకే పనికిరాదు. ఇచ్చిన నిమిషంలోనే రిజిస్టర్లో రాయకపోతే డ్యూటీ మారినప్పుడు రెండోసారి పడిపోతుంది.

కొత్త వాలంటీర్:

ఇద్దరికీ చాలా థాంక్స్. బ్లీచ్ లెక్క రాసి పెట్టుకున్నాను. ప్రార్థన, ఫోటోల సంగతి ఎవరైనా చెప్తారా?

జవాబు (బాలల పరిచర్య):

1989 బాలల హక్కుల ఒడంబడికలో 14వ అధికరణం పిల్లల మనస్సాక్షి, మత స్వేచ్ఛ గురించి. 20వది ఇంటికి దూరమైన బిడ్డ మతం, భాష, సంస్కృతి తెగిపోకుండా చూడాలంటుంది. హోంలో ఉన్నంత మాత్రాన బిడ్డ మన మతంలోకి వచ్చినట్టు కాదు. ప్రార్థన పదిహేను నిమిషాలు చాలు. మౌనంగా కూర్చున్న పిల్లను పేరు పెట్టి పిలవొద్దు. ప్రార్థన చెప్పలేదని అన్నం ఆలస్యం చేయడం గానీ, చెప్పినందుకు మిఠాయి ఇవ్వడం గానీ వద్దు. భక్తిని వెలగట్టి అమ్మినట్టవుతుంది.

కథలు ఎంచుకునేటప్పుడు వినే చెవి ఎలాంటిదో చూడండి. అమ్మ మందిరంలో దేవుడికి అప్పగించి వచ్చిన చిన్న సమూయేలు కథ మనకు సమర్పణ కథ. హోంలో పిల్లకు అది అమ్మ వదిలేసిన కథ. చెప్తే 1 సమూయేలు 2:19 దాకా చెప్పండి, ఏటేటా అమ్మ చిన్న అంగీ కుట్టి తెచ్చేది. పసి మోషేను పెట్టెలో పెట్టి నది ఒడ్డున విడిచిన కథలో దూరాన నిలబడి చూస్తున్న అక్కను మర్చిపోవద్దు. నాన్న చేతి దెబ్బలు తిన్న బిడ్డకు "తండ్రి" అన్న మాట మొదటి రోజే ఊరటనివ్వదు, దేవుడు కాపరి అన్న మాట దగ్గర మొదలెట్టండి.

ఒంటరిగా, తలుపు మూసి ఏ పిల్లతోనూ ప్రార్థించొద్దు. ఏ బిడ్డయినా తనపై జరిగిన అఘాయిత్యం చెప్తే "ఎవరికీ చెప్పను" అని మాట ఇవ్వకండి, గుచ్చి గుచ్చి అడగకండి. బిడ్డ వాడిన మాటల్నే అదే రోజు రాసి, హోంలో బాలల రక్షణ చూసేవారికి అందించండి. ఆరోపణ వాళ్ళ మీదే అయితే పైవారికి. ప్రార్థిస్తాను అని చెప్పి ఊరుకుంటే బిడ్డను మళ్ళీ అదే చోటికి పంపినట్టే.

ఫోటోలు: ముఖం, పేరు, ఊరు, యూనిఫాం మీది బడి గుర్తు ఏవీ వద్దు. ఫోన్‌లో లొకేషన్ ఆపండి. సంఘానికి మీరు కుట్టిన బొత్తాలు, సర్దిన పుస్తకాల అర పంపినా పని కనిపిస్తుంది.

జవాబు (హోం పర్యవేక్షణ):

ఒకటి మర్చిపోయాను. మీరు వెళ్ళే తేదీ పిల్లలకు మొదటి నెలలోనే చెప్పండి. చివరి నెలలో క్యాలెండర్ మీద వాళ్ళ చేతే రోజులు కొట్టించండి. "మళ్ళీ వస్తా" అనొద్దు, టికెట్ చేతిలో ఉంటే తప్ప. బహుమతులు ఒక్క పిల్ల చేతిలో పెట్టకుండా స్టోరుకు ఇవ్వండి. చివరి రోజు మధ్యాహ్నం, పిల్లలు మేలుకుని ఉండగానే, ఆయాలు పక్కన ఉండగా బయల్దేరండి. రాత్రి నిద్రలో ఉండగా వెళ్ళిపోతే తర్వాత చాలా రోజులు నిద్రపోవడానికి భయపడతారు.